జపాన్‌లో పాత కొండదారి నడకకి ఒక్కరోజే ఉంది: ఏ దారి, గైడ్ కావాలా?

జపాన్ టూర్ ప్లాన్‌లో టోక్యో, క్యోటో, ఒసాకా రాసేశాక మామూలుగా ఒక రోజు మిగులుతుంది. ఆ రోజు గురించి చుట్టాలూ స్నేహితులూ నన్ను అడిగేది దాదాపు ఒకటే: "రాళ్ళు పరిచిన పాతకాలపు కొండదారి, పక్కన చెక్క ఇళ్ళు ఉంటాయట కదా, అక్కడికి గైడ్‌తో వెళ్ళాలా, మనమే వెళ్ళొచ్చా?" అలాంటి దారులు జపాన్‌లో చాలా ఉన్నాయి. వాటిలో కొత్తవాళ్ళు ఒక్క పూటలో నడవగలిగేవి నాలుగు చెప్తాను. ఫొటోల్లో నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. కాళ్ళకీ, టైముకీ, జేబుకీ మాత్రం చాలా తేడా.

నా సలహా ముందే చెప్పేస్తాను. ముందురోజు రాత్రి మీరు ఏ ఊళ్ళో పడుకుంటున్నారో చూసుకుని దారి ఎంచుకోండి. గైడ్ సంగతి ఆ తర్వాత చూద్దాం. తప్పిపోతామన్న భయంతో గైడ్‌ని పెట్టుకుంటే డబ్బు దండగ, ఎందుకంటే ఈ నాలుగు దారుల్లోనూ ఇంగ్లిష్ బోర్డులు బాగానే ఉంటాయి. చూస్తున్నదేమిటో తెలియాలనుకుంటే పెట్టుకోవచ్చు. అప్పుడు కూడా గైడ్‌కిచ్చే డబ్బు అన్ని దారుల్లో ఒకేలా గిట్టదు.

కాస్త నేపథ్యం. తోకుగావా షోగున్ల (సైనిక పాలకుల) కాలంలో, అంటే 1603 నుంచి 1868 దాకా, ఇప్పటి టోక్యో పేరు ఎడో. అక్కడి నిహోన్‌బాషి వంతెన దగ్గర ఐదు రాజమార్గాలు మొదలయ్యేవి. వాటిలో రెండు క్యోటో దాకా వెళ్ళేవి. సముద్రతీరం వెంట వెళ్ళేది టోకైడో, దానికి 53 మజిలీలు. కొండల మధ్యనుంచి వెళ్ళేది నకసెండో, దానికి 69 మజిలీలు, సుమారు 530 కిలోమీటర్లు. తీరం దారి దగ్గరైనా దాని మీద పెద్ద పెద్ద నదులు అడ్డం. కొన్నిటికి వంతెనలుండేవి కావు, కూలీలు భుజాల మీద మోసి దాటించేవాళ్ళు. వాన పడి నది పొంగితే సత్రంలో రోజులకి రోజులు కూర్చోవాల్సిందే. అందుకని ఫలానా రోజుకి చేరాలన్న పట్టుదల ఉన్నవాళ్ళు దూరమైనా కొండదారే పట్టేవాళ్ళు. 1861లో షోగున్‌ని పెళ్ళాడడానికి క్యోటో నుంచి ఎడోకి బయల్దేరిన రాకుమారి కజునోమియా పల్లకి కూడా నకసెండో మీదుగానే వెళ్ళింది.

మగోమె నుంచి త్సుమాగో: మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఇదే

నకసెండో కిసో లోయ గుండా పోయేచోట 11 మజిలీ ఊళ్ళున్నాయి. వాటిలో త్సుమాగో 42వ మజిలీ, మగోమె 43వది. రెండిటి మధ్య దూరం ఎనిమిది కిలోమీటర్లకి కాస్త తక్కువ. ఆగుతూ, ఫొటోలు తీసుకుంటూ నడిస్తే మూడు గంటలు పడుతుంది.

ఎటునుంచి మొదలుపెట్టాలన్నది ఇక్కడ ముఖ్యం. మగోమె సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంది, మధ్యలో కనుమ దాదాపు 800 మీటర్లు, త్సుమాగో 430 దగ్గర. మగోమె నుంచి మొదలుపెడితే ఎక్కాల్సింది 200 మీటర్లే, అదీ మొదటి గంటలోనే అయిపోతుంది. అటునుంచి ఇటు వస్తే దాదాపు రెట్టింపు ఎక్కాలి. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరినవాళ్ళకి ఇదసలు లెక్కలోకి రాదు. మోకాళ్ళ పర్వతం లాంటిది ఎక్కడా తగలదు. కాకపోతే తర్వాతంతా దిగుడే. మోకాళ్ళు నొప్పి పెట్టేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే కదా, ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఊతకర్ర తీసుకెళ్ళండి.

నగోయాలో దిగినవాళ్ళకి ఇది చాలా సులువు. షినానో ఎక్స్‌ప్రెస్‌లో 50 నిమిషాలకి నకత్సుగావా, అక్కడినుంచి బస్సులో అరగంటలోపే మగోమె. క్యోటో నుంచి వెళ్ళినా రోజులో తిరిగి రావచ్చు. టోక్యో నుంచి మాత్రం రైళ్ళూ బస్సులూ కలిపి పోనూ రానూ ఆరేడు గంటలు వాటికే పోతుంది. మూడు గంటల నడక కోసం అంత అవసరమా అన్నది మీ ఇష్టం, నేనైతే చెయ్యను. టోక్యో నుంచి క్యోటోకి మారే రోజున మధ్యలో నగోయాలో దిగి ఈ నడక పెట్టుకుంటే బాగా కుదురుతుంది. పెద్ద సూట్‌కేసు ముందురోజే కొరియర్‌లో క్యోటో హోటల్‌కి పంపేయండి. చిన్న బ్యాగులైతే వసంతం నుంచి నవంబరు దాకా ఒక ఊరి పర్యాటక కేంద్రంలో పొద్దున్నే ఇస్తే మధ్యాహ్నానికి రెండో ఊరికి చేరుస్తారు, దానికి కొద్దిగా డబ్బు తీసుకుంటారు.

గైడ్‌కి డబ్బు పెట్టదలిస్తే ఈ దారికే పెట్టమంటాను. ఈ రెండు ఊళ్ళూ చూడ్డానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి, వాటి కథలు మాత్రం పూర్తిగా వేరు. మగోమె 1895లో ఒకసారి, 1915లో మరోసారి తగలబడింది. ఇప్పుడు మనం ఫొటో తీసుకునే ఆ అందమైన వీధి చాలామటుకు ఆ తర్వాత కట్టిందే. త్సుమాగోది ఇంకో రకం అదృష్టం. 1911లో రైలుమార్గం పూర్తయినప్పుడు అది ఈ ఊరిని వదిలేసి పక్కనుంచి పోయింది. వ్యాపారం పోయింది, కుర్రాళ్ళు పట్నాలకి వెళ్ళిపోయారు, పాత ఇళ్ళు పడగొట్టి కొత్తవి కట్టుకునే స్తోమత ఎవరికీ లేకపోయింది. లేమి వల్లే ఊరు మిగిలింది. 1960ల చివర్లో ఊరివాళ్ళే కలిసి మరమ్మతులు మొదలుపెట్టారు. 1971లో అందరూ కూర్చుని అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పడగొట్టకూడదు అని మూడు కట్టుబాట్లు రాసుకున్నారు. 1976లో ప్రభుత్వం దాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. ముఖ్యవీధిలో తలెత్తి చూడండి, ఒక్క కరెంటు తీగ కనిపించదు.

ఇంకా ఉన్నాయి. ఊళ్ళోకి వచ్చే దారి ఉన్నట్టుండి రెండుసార్లు లంబకోణంలో తిరుగుతుంది. శత్రువులు గుర్రాల మీద ఒక్క ఊపున దూసుకురాకుండా చేసిన ఏర్పాటది. పెద్ద ప్రభువులు దిగే సత్రం వేరు, వాళ్ళ పరివారం దిగే సత్రం వేరు. ఆ రెండోది 1877లో పూర్తిగా హినోకి (జపాన్ సైప్రస్) చెక్కతో మళ్ళీ కట్టారు. అందులో విశేషమేముంది అంటారా? ఎడో కాలంలో కిసో లోయలో హినోకితో కలిపి ఐదు రకాల చెట్లు కొట్టడం మామూలు జనానికి నిషేధం. 'చెట్టొకటి, తలొకటి' అనేవాళ్ళు, అంటే ఒక చెట్టు కొడితే ఒక తల పోతుందని. ఆ నిషేధం పోయాక ఊళ్ళో ఒక శ్రీమంతుడు ఇల్లంతా ఆ చెక్కతోనే కట్టుకున్నాడంటే, అందులో ఎంత కసి ఉందో ఆలోచించండి. గైడ్ లేకుండా వెళ్తే మనకి కనిపించేది చెక్క ఇల్లొకటే.

దారిలో అక్కడక్కడ గంటలు వేలాడుతుంటాయి. మా నాన్నగారు మొదటి గంట దగ్గర చెప్పులు విప్పబోయారు, గుడి ఉందనుకుని. అవి ఎలుగుబంట్ల కోసం. మనుషులొస్తున్నారు, పక్కకి తప్పుకోండి అని చెప్పడానికన్నమాట. సిగ్గుపడకుండా గట్టిగా కొట్టండి. కనుమ దాటి దిగేటప్పుడు ఒక పాత విశ్రాంతి ఇల్లు వస్తుంది. లోపల నిప్పుల గుంట మీద కెటిల్ వేలాడుతుంటుంది. టీ ఊరికే ఇస్తారు, మీకు తోచింది డబ్బాలో వేయొచ్చు. ఇంకా దిగితే ఆడ, మగ పేర్లతో రెండు చిన్న జలపాతాలు.

ఈ దారికి ఒక్కటే లోపం, జనం. మగోమె మెట్ల వీధిలో మధ్యాహ్నం పూట టూరిస్టు బస్సులు ఖాళీ అవుతుంటాయి. తొమ్మిదికల్లా నడక మొదలుపెట్టగలిగితే మీరు కొండెక్కాకే ఆ రద్దీ వస్తుంది.

హకోనె: టోక్యో నుంచి కదలనివాళ్ళకి

మీ హోటల్ టోక్యోలోనే ఉంటే మారుమాట లేకుండా హకోనె. షింజుకు నుంచి రైల్లో గంటన్నరలోపు, అక్కడినుంచి పాత దారి బస్సులో హతజుకు అనే చిన్న ఊరు. అక్కడ దిగి నడిస్తే ఆషీ సరస్సు ఒడ్డున ఉన్న మోటోహకోనె దాకా సుమారు రెండు గంటల నడక, మొదటి భాగమంతా ఎక్కుడే. ఇది నకసెండో కాదు, టోకైడోలోని కొండ భాగం. ఇక్కడ మట్టి జారుడుగా ఉండేది, వాన పడితే నడిచేవాళ్ళు కూరుకుపోయేవాళ్ళు. మొదట్లో ఏటా వెదుళ్ళు కోసి పరిచేవాళ్ళు. 1680లో షోగున్ ప్రభుత్వం రాళ్ళు పరిచింది. వాటిలో కొన్ని రాళ్ళ మీద ఇప్పటికీ నడవొచ్చు.

ఆ రాళ్ళే ఇక్కడ ఇబ్బంది కూడా. గుండ్రంగా, ఎత్తుపల్లాలుగా, నాచు పట్టి ఉంటాయి. తడిసి ఉంటే మామూలు స్నీకర్స్‌తో జారడం ఖాయం. దూరం తక్కువ కదా అని పెద్దవాళ్ళని హతజుకు నుంచి నడిపించకండి, దూరం ఎక్కువైనా మగోమె దారే కాళ్ళకి సుఖం. మధ్యమధ్యలో తారురోడ్డు దాటాలి, బస్సుల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అడవి నిశ్శబ్దం కావాలనుకున్నవాళ్ళు ఇక్కడ నిరాశపడతారు.

దారి మధ్యలో గడ్డికప్పు ఉన్న అమజాకె దుకాణం ఒకటుంది. ఒకే కుటుంబం 13 తరాలుగా నడుపుతోంది. అమజాకె అంటే బియ్యాన్ని ఒకరకం బూజుతో మాగబెట్టి చేసే చిక్కటి తియ్యటి గంజి. మద్యం కాదు, చక్కెర కూడా వెయ్యరు, బియ్యంలోంచే ఆ తీపి వస్తుంది. ఈ దుకాణం ముందే బస్సు ఆగుతుంది. నడక కష్టమైనవాళ్ళు బస్సులో ఇక్కడికొచ్చి, గంజి తాగి, మిగిలిన నలభై నిమిషాలే నడవొచ్చు.

సరస్సు ఒడ్డుకి దిగాక దాదాపు 400 పెద్ద సుగి (జపాన్ దేవదారు) చెట్ల మధ్యనుంచి దారి వెళ్తుంది. దాని చివర 1619లో పెట్టిన తనిఖీ ఠాణా ఉంటుంది. పాత కాగితాలు చూసి అచ్చం అలాగే మళ్ళీ కట్టి 2007లో తెరిచారు. ఎడోలోంచి ఆడవాళ్ళు పోకూడదు, అక్కడి ముఖ్యమైన పని అదే. ప్రభువులు తిరగబడకుండా వాళ్ళ భార్యాబిడ్డల్ని షోగున్ ఎడోలోనే ఉంచుకునేవాడు. వాళ్ళు మారువేషాల్లో తప్పించుకుంటారని, వచ్చిన ఆడవాళ్ళ జుట్టు విప్పి చూడడానికి ప్రత్యేకంగా ఆడ ఉద్యోగులే ఉండేవాళ్ళు. ఇదంతా ఠాణా లోపల బొమ్మలతో, బోర్డులతో చక్కగా చూపిస్తారు. అందుకే హకోనెకి గైడ్ అక్కర్లేదంటాను. ఆ డబ్బుతో ఒక పూట వేడినీటి స్నానానికి వెళ్ళండి.

తోరీ కనుమ: నడక కోసమే వెళ్ళేవాళ్ళకి

మగోమె జనం చూసి విసుగొచ్చినవాళ్ళకీ, రెండోసారి జపాన్ వెళ్ళేవాళ్ళకీ ఇది చెప్తాను. అదే కిసో లోయలో, పైన యబుహారా నుంచి నరాయికి. సుమారు ఆరు కిలోమీటర్లు, రెండున్నర గంటలు. కనుమ 1,197 మీటర్ల ఎత్తులో ఉంది, రెండు వైపులా ఊళ్ళు 900 పైనే కాబట్టి ఎక్కాల్సింది అందులో పావువంతు కూడా ఉండదు. రెండు ఊళ్ళలోనూ రైల్వే స్టేషన్లున్నాయి, అదే పెద్ద సుఖం. బస్సు టైముల గొడవ లేదు. రైళ్ళు మాత్రం గంటకోటి కూడా ఉండవు, పెద్ద ఎక్స్‌ప్రెస్‌లు మామూలుగా ఇక్కడ ఆగవు.

కనుమ మీద ఒక తోరీ, అంటే జపాన్ వాళ్ళ షింటో మతపు గుడి ద్వారం ఉంది. 3,067 మీటర్ల ఒంతకె పవిత్రపర్వతం దాకా వెళ్ళలేని యాత్రికులు ఇక్కడే నిలబడి దానికి మొక్కుకునేవాళ్ళు. ఈ గట్టుకి ఒకవైపు పడ్డ వాన షినానో నదిలో కలిసి జపాన్ సముద్రానికి పోతుంది, రెండోవైపు పడ్డది కిసో నదిలో పసిఫిక్ వైపు పోతుంది. దిగాక నరాయి. సుమారు కిలోమీటరు పొడుగున ఒకే వీధి, రెండు పక్కలా నల్లబారిన చెక్క ఇళ్ళు, లక్క పాత్రల కొట్లు. త్సుమాగోతో పోలిస్తే నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే ఇక్కడ వీధిలో బట్టలు ఆరేసిన ఇళ్ళూ కనిపిస్తాయి.

మత్సుమోతోలో బస చేసేవాళ్ళకి ఇది దగ్గర. ఒక్కరే వెళ్తుంటే ఈ దారికి గైడ్ గాని, తోడు గాని ఉంటే మంచిది. జనం తక్కువ, ఎలుగుబంట్ల తావు, చలికాలం పోయాక కూడా నీడ ఉన్నచోట్ల మంచు మిగిలి ఉంటుంది. బ్యాగుకి కట్టుకునే చిన్న గంట కొనుక్కోండి.

కుమానో: ఒక్కరోజులో కుదరదు, అయినా

దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఒసాకా నుంచి పొద్దున వెళ్ళి రాత్రికి రావడం అయ్యే పని కాదు. కీయి-తనాబె దాకా రైల్లో రెండు గంటల పైన, అక్కడినుంచి బస్సులో మరో రెండు గంటలు. హొంగూ దగ్గర ఒక రాత్రి ఉండగలిగితేనే పెట్టుకోండి. ఉండగలిగితే మాత్రం హొష్షిన్‌మోన్ నుంచి కుమానో హొంగూ ఆలయం దాకా సుమారు ఏడు కిలోమీటర్లు, ఎక్కువ భాగం దిగుడే, నాలుగిట్లోనూ భక్తి ఉన్నది ఇదొక్కటే. మిగతావి జనం పనుల మీద తిరిగిన దారులు, ఇది మొక్కు కోసం నడిచిన దారి. 2004 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. ఆలయం మొదట్లో నదీతీరంలోనే ఉండేది, 1889 వరదకి దెబ్బతింటే గట్టు మీదికి మార్చారు. పాత చోట ఇప్పుడు దాదాపు 34 మీటర్ల ఎత్తు తోరీ ద్వారం నిలబడి ఉంటుంది. తనాబె నగర పర్యాటక సంస్థ సైట్‌లో బసలూ గైడ్లూ ఇంగ్లిష్‌లోనే బుక్ చేసుకోవచ్చు. కొండల్లో నడిచి దేవుణ్ణి చూడడం మన పెద్దవాళ్ళకి అలవాటైన సంగతే, వాళ్ళకి ఈ దారి మిగతా మూడింటికన్నా తొందరగా అర్థమవుతుంది.

గైడ్ టూర్ బుక్ చేసేముందు అడగాల్సినవి

మేము మొదటిసారి మగోమెకి ఒక గ్రూప్ టూర్‌లో వెళ్ళాం. పాతికమందిమి, ఒక జెండా. 'చారిత్రక కొండదారిలో నడక' అని రాశారు కదా అనుకుంటే, బస్సు మమ్మల్ని కనుమ దాకా తీసుకెళ్ళి దించింది, ఒక గంట నడిపించి మళ్ళీ ఎక్కించుకుంది. భోజనానికి మాత్రం గంటన్నర ఇచ్చారు. త్సుమాగోలో నలభై నిమిషాలు. తప్పు మాదే, మేము అడగలేదు.

కాబట్టి మొదట అడగాల్సింది, నిజంగా నడిచేది ఎన్ని కిలోమీటర్లు అని. తర్వాత గ్రూప్‌లో ఎంతమంది అని. పదిమంది దాటితే ఇరుకు దారిలో వెనకున్నవాళ్ళకి గైడ్ మాట వినపడదు. ఎక్కడ కలుస్తారో చూడండి. నగోయాలో కలిసే టూర్‌కి ధర ఎక్కువ, నకత్సుగావాలో గాని మగోమెలో గాని కలిసేదైతే తక్కువ. రైలు మీరు ఎక్కగలిగితే ఆ తేడా మిగిలినట్టే. నలుగురైదుగురు కుటుంబంగా వెళ్తుంటే తలకింత చొప్పున కట్టే గ్రూప్ టూర్ కంటే, గుంపంతటికీ ఒకే ధర తీసుకునే సొంత గైడ్ చాలాసార్లు చవకగా తేలతాడు. లెక్క వేసి చూడండి. వానొస్తే ఏం చేస్తారో కూడా ముందే అడగండి, మామూలు వానకి ఎవరూ రద్దు చెయ్యరు.

గైడ్లకి జాతీయ పరీక్ష ఒకటుంది, చాలా కష్టమైనది. 2018 జనవరి నుంచి అది పాస్ కానివాళ్ళు కూడా డబ్బు తీసుకుని గైడ్‌గా పనిచెయ్యొచ్చు. లైసెన్స్ లేనంతమాత్రాన మంచి గైడ్ కాదనలేం, కానీ ఇద్దరిలో ఒకర్ని ఎంచుకోవాల్సి వస్తే నేను ఆ లోయలో ఉండేవాళ్ళని తీసుకుంటాను. చాలా ఊళ్ళలో స్వచ్ఛంద గైడ్లు కూడా ఉంటారు. ఫీజు ఉండదు, వాళ్ళ ప్రయాణం ఖర్చు, భోజనం మనం పెట్టుకోవాలి. ముందుగా రాసి అడగాలి.

శాకాహారులకి గైడ్ వల్ల ఇంకో లాభముంది. కొండ ఊళ్ళలో దొరికేది ఎక్కువగా సోబా నూడుల్స్. చూడ్డానికి కూరగాయలే, కానీ చారులో ఎండుచేప రసం ఉంటుంది. చల్లగా ఇచ్చే సోబాతో వచ్చే ముంచుకునే పులుసులోనూ అంతే. 'మాంసం వద్దు' అంటే వాళ్ళ లెక్కలో చేప అందులోకి రాదు. గైడ్‌కి రెండురోజుల ముందే చెప్తే ఎక్కడైనా మాట్లాడి పెడతాడు. సొంతంగా వెళ్తే పులిహోరో చపాతీలో కట్టుకెళ్ళండి, ఆ కాగితాలూ కవర్లూ మళ్ళీ మీ బ్యాగులోనే హోటల్‌కి తెచ్చుకోవాలి, దారిలో చెత్తబుట్టలుండవు. కిసోలో గోహెయి మోచి తప్పక తినండి, అన్నం ముద్ద పుల్లకి గుచ్చి, అక్రోటు, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) పూసి నిప్పుల మీద కాలుస్తారు. ఆ పూతలో చేప రసం కలిపారేమో అడిగితే సరి. చిన్న కొట్లలో కార్డు పనిచెయ్యకపోవచ్చు, నోట్లూ చిల్లరా ఉంచుకోండి.

కాలం విషయానికొస్తే, కిసోలో చెర్రీ పూలు ఏప్రిల్ మధ్యలో, ఎర్రాకులు నవంబరు మొదట్లో. జూన్, జూలైల్లో వానలు. డిసెంబరు నుంచి మార్చి దాకా మగోమె దారిలో కూడా మంచు గడ్డకట్టి ఉండొచ్చు, అప్పుడైతే హకోనె మేలు, అదీ పొడి రోజు చూసుకుని.

త్సుమాగోలో నడక అయ్యాక తిరుగు రైలు ఎక్కాల్సిన నగిసో స్టేషన్‌కి బస్సులు చాలా తక్కువ. నడక మొదలుపెట్టకముందే ఆఖరి బస్సు టైము ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. బస్సు తప్పిపోయినా కంగారు అక్కర్లేదు, స్టేషన్ దాకా ఇంకో గంట అదే పాత దారి ఉంది. మేము రెండోసారి వెళ్ళినప్పుడు అలాగే చేశాం. అప్పటికి వీధిలో కొట్లన్నీ మూసేశారు. ఒక్క పెద్దావిడ గడప ముందు నీళ్ళు చల్లుకుంటోంది. మా నాన్నగారు ఆవిడకి నమస్కారం పెట్టారు, ఆవిడ నడుము వంచి తిరిగి పెట్టింది.